కుక్క అడ్డొచ్చింది

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే రైలు మీద నాకో ఫిర్యాదు ఉంది. సొరంగాలు మరీ ఎక్కువ. ఫోనులో ఒక్క మాట పూర్తి కానివ్వవు. "వంకాయలు తేనా" అని అడగబోతే "వంకా" దగ్గర చీకటి పడుతుంది. వెలుతురొచ్చేసరికి అవతలి మనిషి ఫోను పెట్టేసి వేరే పనిలో ఉంటుంది. అయితే మా ఆవిడ ఏదైనా సూటిగా అడిగినప్పుడు మాత్రం సొరంగం అంత చెడ్డదేం కాదు. అది రావడం ఆలస్యమైతే నేనే "హలో, హలో" అని ఒకటి తెచ్చుకునేవాణ్ణి.

ప్రతి శనివారం ఆ రైలెక్కడానికి కారణం తాగుడు. ఎనిమిదేళ్ళ మా పాప చెయ్యి విరిగినప్పుడు కట్టు కట్టిన ఎముకల డాక్టరు మందుల చీటీ వెనక ఒక ఫోన్ నంబరు రాసి, "ఇది పాపకి కాదు" అన్నాడు. మరెవరికో చెప్పలేదు. మర్యాదస్థుడు.

నంబరు చాలాకాలం నా పర్సులో క్షేమంగా ఉంది. చివరికి ఫోను చేస్తే, తాగుడు మానాలనుకునేవాళ్ళు వారానికోసారి కూర్చుని మాట్లాడుకుంటారని, ఆదివారం రాయగడలో, శనివారం కోరాపుట్‌లో అని చెప్పారు. పేర్లు చెప్పక్కర్లేదట. రాయగడ బజార్లో మాది మూడు తరాల కిరాణా కొట్టు. అక్కడ నేను పేరు చెప్పకపోతే పక్కవాళ్ళే చెబుతారు. కాబట్టి కోరాపుట్.

ఎక్కడికి వెళ్తున్నానో మా ఆవిడకి తెలుసు. బజార్లో వాళ్ళకి మాత్రం అల్లం బేరానికి వెళ్తున్నానన్నాను. దాంతో వెళ్ళినప్పుడల్లా ఒక సంచీ అల్లం తేక తప్పలేదు. మూడో వారానికి పక్క కొట్టు బాబాయి నన్ను పక్కకి పిలిచి, "అల్లంలో ఏటున్నాదిరా అంత? నాకూ సెప్తే నేనూ ఓ సెయ్యేస్తాను కదా" అన్నాడు.

చెయ్యి విరగడం గురించి ఊరందరికీ తెలిసిందేమిటంటే, ట్యూషన్ నుంచి పాపని స్కూటరు మీద తెస్తుంటే కుక్క అడ్డొచ్చింది. ఈ కథ నేను బాగా చెప్పేవాణ్ణి. సందులోంచి అది దూసుకురావడం, వానకి రోడ్డు జారడం, గుంత, నా బ్రేకు, అన్నీ వాటి వాటి చోట ఉండేవి. విన్నవాళ్ళు నా మీద జాలిపడేవారు. కథ మొదలవగానే పాప మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయేది.

ఒకరోజు మా ఆవిడ బియ్యం ఏరుతూ అడిగింది.

"కుక్క ఏ రంగండీ?"

"గోధుమ రంగు."

"మొన్న మా అన్నయ్యకి నలుపని సెప్పేరు."

నేను సాయంకాలం వెలుతురు గురించి ఏదో చెప్పాను. ఆవిడ ఏరిన బియ్యం పక్కకి జరిపి, "నిజం మీ నోటమ్మట నాకు సెప్పినదాకా పాప మీ బండెక్కదు" అంది. అరవలేదు. అరిస్తే నాకు కొంచెం వీలుగా ఉండేది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే మా ఆవిడ పాపని "అమ్మీ, ఆటో వచ్చింది" అని కేకెయ్యడం వినడం, వెనక సీటు ఖాళీగా కొట్టుకి వెళ్ళడం నాకు అలవాటు కావలసి వచ్చింది. కాలేదు.

మీటింగు ఒక చిన్న బడిగదిలో జరిగేది. మూడో తరగతి బెంచీలు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి, అందువల్ల అందరం వినయంగా కనిపించేవాళ్ళం. ఆరుగురో ఏడుగురో వచ్చేవారు. అంతా ఒరియాలోనే. మొదటి మూడు వారాలు విని, టీ తాగి, అల్లం కొనుక్కుని వచ్చేశాను. నాలుగో శనివారం నా వంతు వచ్చింది.

నా చదువు విజయనగరంలో, తెలుగులో. ఒరియా కొట్లో నేర్చుకున్నది. ధర, తూకం, సరుకు లేదు, రేపు రండి. వీటికి నాకు లోటు లేదు. ఆ పెట్టుబడితోనే కుక్క కథ ఎత్తుకున్నాను. అంత వానా ఒక్క మాటతో అయిపోయింది. గుంతని ఏమంటారో గుర్తు రాలేదు. సాయంకాలపు వెలుతురు జోలికి వెళ్ళలేదు. చివరికి నేను, బండి, పాప, కుక్క మిగిలాం.

ఎదుటి బెంచీ మీద ఒక జీపు డ్రైవరు ఉన్నాడు. ఆయన ముందుకు వంగి నిజంగా కంగారుగా అడిగాడు, "కుక్కకి దెబ్బ తగిలిందా?"

ఇన్నాళ్ళలో తెలుగువాళ్ళెవరూ కుక్క క్షేమం అడగలేదు. దానికి జవాబు నేను తయారు చేసుకోలేదు. "కుకుర నాహిఁ" అన్నాను. కుక్క లేదు. కొట్లో కందిపప్పు లేదని చెప్పినట్టే వచ్చింది. ఆ తర్వాతవి కూడా అంతే పొడవున్న మాటలు. తాగాను. బండి నడిపాను. పాప పడింది. చెయ్యి విరిగింది.

"అయితే కుక్కకేం కాలేదు" అన్నాడు డ్రైవరు. టీ వచ్చింది.

తిరుగు రైల్లో, అల్లం సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఇంటికి ఫోను చేశాను.

"సెప్పేసేను" అన్నాను.

"ఏటి?"

"నిజం. అందరి ముందూ. ఒరియాలో."

అవతల కుక్కరు కూత వినిపించింది. పొయ్యి ఆర్పినట్టుంది, కూత ఆగింది.

"అయితే నాకూ సెప్పండి" అంది.

"అదే, ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే వాన కదా, పైగా కొట్లో ఆ గొడవొకటీ..."

సొరంగం వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. రెండూ దాటాక ఆవిడే ఫోను చేసింది.

"ఊఁ, సెప్పండి."

"రోడ్డు కూడా అప్పుడు ఎలాగుండేదంటే..."

కిటికీలోంచి ముందుకు చూశాను. కనుచూపుమేరలో కొండ లేదు.

"ఒరియాలోనే సెప్పండి" అంది మా ఆవిడ. "తెలుగులో మీకు అబద్ధాలు బాగా వచ్చు."