ఒంటి వేలితో లేచే ట్రైలర్

పోయిన ఏడాదంతా ఇంట్లో కూర్చోబెట్టిన కరోనాయే ఈ ఫిబ్రవరిలో నన్ను సూరత్ పంపింది. మా మట్టి ట్రాక్ కారు పోటీలు మళ్లీ మొదలవుతున్నాయని క్లబ్బు నుంచి కబురొచ్చింది. దాంతోపాటే కొత్త నిబంధనలూ వచ్చాయి. జనం గుమిగూడకూడదు కాబట్టి ఎంట్రీలు సగానికి తగ్గించారు. నడిపేవాళ్లు కాక కారుకు ఒక్క సహాయకుడే. పోటీ కారు రోడ్డు మీద నడుపుకుంటూ రాకూడదు, ట్రైలర్ మీదే రావాలి. దారిలో ఆగిపోతే ఊరి మెకానిక్కులంతా చుట్టూ చేరతారట. కారు ఎలా తెస్తున్నామో శనివారం సాయంత్రం అయిదింటిలోగా ఫొటోతో సహా చెప్పకపోతే మన చోటు ఇంకొకరికి.

నాకు యాభై ఒకటి. వాపిలో బ్యాంకు ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా ఒక పాత చిన్న కారును, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనుప పంజరం బిగించి, మట్టిలో తోలుతున్నాను. ఇన్నాళ్లూ దాన్ని రోడ్డు మీదే నడుపుకుంటూ వెళ్లాను. నాకు ట్రైలర్ లేదని తెలిసిన మరుక్షణం క్లబ్బు కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఈ గొడవలన్నీ మీకెందుకు మేడం? కారు మాకిచ్చేయండి, మా ట్రైలర్ మీద తెచ్చుకుంటాం. మావాడు నడుపుతాడు. యజమానిగా మీ పేరే ఉంటుంది కదా." ఒక్కసారి ఆ సీటులో ఇంకొకడు కూర్చుంటే, వచ్చే ఏడాది అది వాడి సీటు అయిపోతుంది. క్లబ్బులో ఇద్దరు ఆడవాళ్లు అలాగే నడపడం మానేసి బహుమతులు పంచేవాళ్లయ్యారు. నాకు బహుమతులు పంచే సరదా లేదు.

అందుకని ముందు ఆదివారమే మా ఆయనా నేనూ జీపునూ పోటీ కారునూ సూరత్ తీసుకెళ్లి, ఉధ్నా పేటలో బండ్లు కట్టే రాజన్న షెడ్డులో వదిలి రైల్లో తిరిగొచ్చాం. జీపుకు వెనక కొక్కెం, లైట్ల తీగ బిగించాలి. కారు కొలతలు చూసి ట్రైలర్ కట్టాలి. "నచ్చితెనే తీస్కపో చెల్లె, లేకుంటె నాకు బీముల బండి ఐతది," అని రాజన్న ముందే చెప్పాడు. బీము అంటే మరమగ్గానికి ఎక్కించే పడుగు నూలు చుట్టిన పెద్ద ఇనుప రోలు. వాటిని షెడ్డు నుంచి షెడ్డుకు తోసుకెళ్లే బండ్లు కట్టడంలో ఉధ్నాలో ఆయన్ని మించినవాళ్లు లేరని పేరు.

శనివారం ఉదయం 7.10కి వాపిలో స్పెషల్ రైలు ఎక్కాను. ఇప్పుడు అన్నీ స్పెషల్ రైళ్లే. రిజర్వేషన్ లేకపోతే ప్లాట్‌ఫారం మీదికి కూడా రానివ్వడం లేదు, కాబట్టి రెండు రోజుల ముందే టికెట్ తీసుకున్నాను. ఎదురు సీటులో భివండి నుంచి వస్తున్న ఒక తెలంగాణావిడ, పక్కన రెండు గోనె సంచులు. లాక్‌డౌన్‌లో ఊరు పోయి, ఇప్పుడు సూరత్ మగ్గాల మీదికి వస్తోంది. నవ్‌సారి దాటేలోపు నా సంగతంతా లాగేసింది.

"కారును ఇంకో బండి మీద పెట్టి గుంజుకపోతరా?"

"అవును."

"మరి నడవని కారు ఎందుకక్కా?"

"నడుస్తుంది. పందెంలో నడుస్తుంది."

ఆమె మాస్కు సర్దుకుంది. "ఐతె మా పెద్దబావ లెక్కనే. పెండ్లిలల్ల ఎగురుతడు గని ఇంట్ల మంచినీళ్లు తెచ్చుకోడు."

మా ఆయనకు చెప్పాలని ఆ మాట ఫోన్‌లో రాసుకున్నాను.

8.35కి ఉధ్నాలో దిగాను. స్టేషన్ బయట నుదుటికి జ్వరం మిషన్ పెట్టి వదిలారు. ఎదురుగా బండి మీద శనగపిండి లోచో, టీ ముప్ఫై అయిదు రూపాయలు. ఆటో పట్టుకుని ముందు సచిన్ రోడ్డులో ఒక ట్రైలర్ యార్డుకు వెళ్లాను. రాజన్నకు మాటిచ్చినా, రెండు మూడు రకాలు చూడకుండా ఏదీ కొనకూడదు. చీరకైనా అంతే.

యార్డు సేల్స్‌మన్ నన్ను చూడగానే మూసి ఉన్న పెట్టె ట్రైలర్ దగ్గరికి నడిపించాడు. తెల్ల రంగు, లోపల దీపాలు, పక్కన తలుపు. "లేడీస్‌కి ఇదే బాగుంటుంది మేడం. దుమ్ము పడదు."

"మట్టిలో పొర్లే కారుకు దుమ్ము పడితే ఏమవుతుంది?" అన్నాను. "ఖాళీ బరువెంత?"

తొమ్మిది వందల కిలోలట. నా కారు ఏడు వందలు. కారు కంటే దాని గది బరువెక్కువ. పైగా ఆ పెట్టె హైవే మీద గాలికి తెరచాపలా నిలబడుతుంది, దాన్ని లాగలేక నా జీపు చస్తుంది. తరవాత రెండు చక్రాల చిన్న బండి చూపించాడు. కారు ముందు చక్రాలు రెండూ దాని మీద ఎక్కుతాయి, వెనక చక్రాలు రోడ్డు మీదే దొర్లుతాయి. చవక. కానీ పోటీలో వెనక చక్రమే విరిగితే? అప్పుడు కారును అక్కడే వదిలి ఇంటికి బస్సెక్కాలి. పైగా దానితో వెనక్కి తిప్పడం నరకం. వెళ్లదలచినవాళ్లకు చెబుతున్నాను: ట్రైలర్ ఎంచుకునేటప్పుడు బాగున్న కారును తీసుకెళ్లడం గురించి ఆలోచించకండి. చెడిపోయిన కారును తెచ్చుకోవడం గురించి ఆలోచించండి.

"సార్‌ని తీసుకొచ్చి చూపించండి మేడం," అన్నాడు సేల్స్‌మన్ చివర్లో.

"సార్‌కి క్లచ్ ఎక్కడుందో నేనే చూపించాను," అని బయటికొచ్చాను.

పదకొండున్నరకు రాజన్న షెడ్డు చేరాను. సందుకు రెండు వైపులా మరమగ్గాల చప్పుడు. మాట వినపడాలంటే నోరు చెవి దగ్గర పెట్టాలి, రెండు గజాల దూరమేమో ఎవరికీ కుదరదు. రాజన్న కట్టిన ట్రైలర్ వాకిట్లో ఉంది. పైకప్పు లేనిది, ఒకే ఇరుసు, రెండు చక్రాలు, సొంత బ్రేకు, ఎక్కించడానికి పొడవాటి పలకలు. నా కారు ముందు భాగం నేలకు బాగా దగ్గర, పొట్టి పలకలైతే గీసుకుపోతుంది. అది నేను చెప్పకుండానే గమనించాడు. ఏడు వందల కిలోలకు ఒక ఇరుసు చాలు, మా వీధిలో చేత్తో తిప్పుకోవచ్చు. ఆర్టీఓ కాగితాలు కూడా సిద్ధం. కారు ఎక్కించి, బెల్టులు బిగించి ఉంది. నా మనసు అక్కడే పడిపోయింది.

అప్పుడు రాజన్న ట్రైలర్ ముందు కొసను, జీపుకు తగిలించే కొసను, ఒంటి వేలితో పైకి లేపాడు. పైన ఏడు వందల కిలోల కారుంది.

"చూసినవా చెల్లె. పూలబుట్ట లెక్క లేస్తది. నడిమిట్ల పాయింటు పట్టిన. సూరత్ మొత్తం తిరుగు, గిట్ల పట్టేటోడు దొరకడు."

చుట్టూ ఉన్న మగ్గాలవాళ్లు తలలూపారు. బీముల బండికి అదే పనితనం. బరువంతా సరిగ్గా ఇరుసు మీద నిలిస్తే, ఇరుకు సందులో ఒక్క మనిషి దాన్ని తిప్పగలడు. నలభై ఏళ్లుగా ఆయన పేరు నిలిచింది ఆ ఒంటి వేలి మీదే.

"అన్నా, ఇదే తప్పు," అన్నాను.

మగ్గాలు ఆగలేదు గానీ మనుషులు ఆగారు.

లాగే ట్రైలర్‌కు మొత్తం బరువులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ముందు కొస మీద, అంటే జీపు కొక్కెం మీద, పడాలి. లేకపోతే వేగంలో తోక ఊపుతుంది. ఈ మాట చెప్పాను. రాజన్న నవ్వాడు. "జీపు మీద బరువు పడకుంటె జీపుకే మంచిది గదా?" నేను ఊరుకునే రకం కాదు. పక్క షెడ్డులో నూలు తూచే కాంటా తెప్పించి, ట్రైలర్ ముందు కొసను దాని మీద పెట్టించాను. పన్నెండు కిలోలు. కారూ ట్రైలరూ కలిపి పదకొండు వందలు.

"కట్టింది నేనా నువ్వా?" అన్నాడు రాజన్న. ఈసారి నవ్వలేదు.

"కట్టింది నువ్వు. కూర్చునేది నేను. జీపెక్కు అన్నా, నడిపి చూద్దాం."

రాజన్న భార్య లక్ష్మి వదిన నూలు కండెలు చుట్టడం ఆపి తల తిప్పింది. "తిని పోండ్రి. కడుపుల ఇంత పడితె ఇద్దరి కోపం జర దిగుతది." జొన్నరొట్టె, వంకాయ కూర. కోపం దిగలేదు.

మూడుంపావుకు బయలుదేరాం. కిటికీలు తీసి, మాస్కులు పెట్టుకుని. మగ్‌దల్లా దాటి డుమస్ వైపు రోడ్డు ఖాళీగా దొరికింది. నలభైలో బాగుంది. యాభైలోనూ బాగుంది. "ఏమైంది మరి?" అన్నాడు రాజన్న. అరవై అయిదు దాటగానే అద్దంలో నా కారు ఎడమకు జరిగింది. తరవాత కుడికి. మళ్లీ ఎడమకు, ఈసారి ఎక్కువ. జీపు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టుంది. రాజన్న రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఇలాంటప్పుడు బ్రేకు తొక్కితే బోల్తానే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నాను. ఊపు నెమ్మదిగా తగ్గింది.

డుమస్‌లో భజ్జీల బండ్ల దగ్గర ఆపాను. టొమాటో భజ్జీలు ప్లేటు యాభై. రాజన్న ప్లేటు పట్టుకుని తినకుండా ట్రైలర్‌ను చూస్తున్నాడు.

"నలభై ఏండ్ల సంది గిదే పద్ధతి చెల్లె. ఒక్కడు కూడ తప్పు అనలె."

"బీముకు తప్పు కాదన్నా. దాన్ని మనిషి నడుస్తూ తోస్తాడు. దీన్ని జీపు డెబ్భైలో లాగుతుంది. నేనూ నీకు బరువు చెప్పాను, వెడల్పు చెప్పాను, వేగం చెప్పలేదు." అది నా తప్పే. ఒప్పుకోవడం కష్టమైంది, అందుకే రాస్తున్నాను.

4.20కి కార్యదర్శి ఫోన్. "సుభద్ర మేడం, ఏం నిర్ణయించారు? మావాణ్ని పంపమంటారా? రేపు పొద్దున్నే వచ్చి కారు తీసుకెళ్తాడు."

వెనక ఊగిపోయే ట్రైలర్ ఉంది, ముందు నలభై నిమిషాలున్నాయి. ఆ ట్రైలర్‌తో వాపి దాకా వెళ్లలేను. ఫొటో తీసి పంపి అబద్ధమాడొచ్చు, కానీ అబద్ధం మీద కారు కట్టుకుని హైవే ఎక్కేంత పిచ్చి నాకు లేదు.

"అయిదింటి దాకా టైమిచ్చారు కదా. అయిదింటికే మాట్లాడండి," అని పెట్టేశాను.

రాజన్న ప్లేటు బండి మీద పెట్టి, ట్రైలర్ కిందికి దూరాడు. బయటికొచ్చి చొక్కా జేబులోంచి పానా తీశాడు. "ఇరుసు వెనుకకు జరపాలంటె వెల్డింగు కొయ్యాలె, ఈడ కాదు. గని కారును ముందుకు జరపొచ్చు గద?" ముందు చక్రాలను ఆపే అడ్డకడ్డీ వెల్డింగుది కాదు, బోల్టులది. విప్పేశాడు. బెల్టులు వదులు చేశాం. భజ్జీలు తింటున్న నలుగురు చేతులు తుడుచుకుని వచ్చి తోశారు. వాళ్లలో ఒకాయన, "ఎవరు నడుపుతారు దీన్ని?" అని అడిగాడు. రాజన్న నా వైపు గడ్డం ఎగరేసి, "గీమెనే. జర జోరుగ తొయ్యి," అన్నాడు. అడుగు మేర ముందుకు జరిగింది కారు. చక్రాల కింద కర్ర ముక్కలు కొట్టి, బెల్టులు రెండింతలు బిగించాం.

జీపు కొక్కెం విప్పి, ట్రైలర్ ముందు కొస ఎత్తబోయాడు రాజన్న. వేలితో కాదు, చేత్తోనూ కాదు. రెండు చేతులా పట్టి మోకాళ్లు వంచితే గానీ కదల్లేదు. ఆయన మొహంలో నలభై ఏళ్ల పేరు ఒక్కసారి కుంగినట్టనిపించి, నేనూ వెళ్లి ఒక చెయ్యి వేశాను.

తిరుగు దారిలో అదే రోడ్డు. యాభై. అరవై. అరవై అయిదులో ఇద్దరమూ అద్దాలే చూస్తున్నాం. డెబ్భై. వెనక కారు గీత గీసినట్టు వస్తోంది. రాజన్న ఊపిరి వదిలి, "ఇంకింత పో," అన్నాడు. డెబ్భై అయిదు దాకా పోయి, పక్కకు ఆపి, 4.52కి ఫొటో పంపాను. ఫొటోలో ట్రైలర్, కారు, జీపు, జీపు మీద చెయ్యి వేసి రాజన్న. కింద ఒక్క వాక్యం: నా కారు, నా ట్రైలర్, నడిపేది నేను.

ఉధ్నాలో మళ్లీ కాంటా మీద పెడితే ఎనభై నాలుగు కిలోలు. రాజన్న కొత్త రంధ్రాలు వేసి అడ్డకడ్డీని అక్కడ బిగించాడు. "మంచిగనే బరువైంది కదా," అంది లక్ష్మి వదిన టీ ఇస్తూ. "ఇగ మగ్గాలోళ్లకేం చెప్తవ్?" "బీముకు ఒక లెక్క, కారుకు ఒక లెక్క, రెండూ నాకొస్తయని చెప్త," అన్నాడాయన. అది నిజమే అయింది కాబట్టి నేను కాదనలేదు.

ఆరింటికి బయలుదేరాను. చిఖ్లీ దగ్గర టీకి ఆగేసరికి క్లబ్బు నుంచి ఫారం వచ్చి ఉంది, నింపి పంపమని. ట్రాఫిక్‌లో పక్కన వెళ్లే లారీ డ్రైవర్లు ముందు కారు చూసి, తరవాత ట్రైలర్ చూసి, చివరికి స్టీరింగ్ దగ్గర నన్ను చూసి హారన్ కొట్టడం దారంతా జరిగింది. ఇంతకీ ఈ ప్రయాణంలో నాకు తెలిసింది ఇది: మంచి ట్రైలర్ చేతికి తేలిగ్గా ఉండదు, రోడ్డు మీద నిలకడగా ఉంటుంది. ఎంచుకునేముందు అమ్మేవాడి మాట వినండి, కట్టేవాడి మాట ఇంకా బాగా వినండి, ఆ తరవాత ఇద్దరినీ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని డెబ్భైలో నడపండి.

టీ గ్లాసు బానెట్ మీద పెట్టి ఫోన్‌లో ఫారం తెరిచాను. యజమాని అన్న గడిలో నా పేరు రాశాను. నడిపేవారు అన్న గడిలో కూడా నా పేరే. సహాయకుడు అన్న గడిలో మా ఆయన పేరు రాసి, పంపేసి, గ్లాసు తిరిగిచ్చి, జీపు గేరులో వేశాను.