దొంగ వెంట పడిన బీరన్న

మా చిట్యాల బీరన్న ఉరికితే హైదరాబాదు మొత్తం ఏకమైనా అందుకోలేకపోయింది. జీపులు, సైకిళ్ళు, నవాబుల గుర్రాలు, అన్నీ వెనకే. తోడేలు నోట్లోంచి గొర్రెపిల్లను గుంజుకుని, ఆయాసపడుతున్న ఆ తోడేలుకు నీళ్ళు తాపి పంపిన మనిషి మరి.

అరవై రెండులో పదిహేను గొర్రెలతో కాలినడకన పట్నం సంతకు బయలుదేరాడు. ముందు మందపొట్టేలు. అది నడిస్తేనే మంద నడుస్తుంది. గొర్రెలను అమ్మి పొట్టేలును మాత్రం తిరిగి తోలుకురావాలి. అది లేకపోతే వచ్చే ఏడు దొడ్లో పిల్లలుండవు. భార్య గోపమ్మ ఒకటే చెప్పింది: "నువ్వు రాకున్నా సరే, పొట్టేలు రావాలె."

పట్నంలో పరుగుకు ఒక లాభముంది. తారురోడ్డు మీద ముల్లు గుచ్చుకోదు. లాభం అంతవరకే.

లారీ హారన్‌కు బెదిరి పొట్టేలు గల్లీలో దూరింది. మందను వెంట వచ్చిన బావమరిది ఐలేశానికి అప్పగించి బీరన్న వెంటపడ్డాడు. దొరకబుచ్చుకుని, మెడ మీద వేసుకుని, మంద వైపు మళ్ళీ ఉరికాడు. మా వైపు గొర్రెను మోస్తూ ఉరికేవాడికి జనం దారి ఇస్తారు. పట్నంలో ఎవడో "దొంగ, దొంగ" అన్నాడు.

మా ఊళ్ళో ఆ కేక వినపడితే ప్రతి మగవాడూ చేతిలో పని వదిలి ఉరకాల్సిందే. ఉరకనివాడు మరునాడు ముఖం చూపలేడు. అందుకని బీరన్న కూడా "దొంగ, దొంగ" అని అరుస్తూ వేగం పెంచాడు. ముందు ఎవడూ కనిపించకపోయినా, వెనక జనం పెరుగుతుంటే, పట్నపోళ్ళు మంచోళ్ళే అనుకున్నాడట.

బీరన్న దొరికాక జనం కట్టెలతో అతని మోకాలు చితకగొట్టారు.

"నా పొట్టేలే సారూ. చెవి సూడుండ్రి, మా గాటున్నది."

"అయితే చెవి కోసింది కూడా నువ్వేనన్నమాట," అన్నాడు అక్కడికొచ్చిన పోలీసు జవాను.

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒకడు అది తనదేనని కొమ్ము పట్టి నడిపించుకుపోయాడు. ఐలేశం వెతుక్కుంటూ వచ్చి నేల మీదున్న మనిషిని చూశాడు.

"బావా, పొట్టేలేది?"

ఇంటి దగ్గర బండి దిగుతుంటే గోపమ్మ కూడా అదే అడిగింది. మోకాలి సంగతి మూడో రోజు అడిగింది.

మొన్న హోటల్లో నేను ఇదంతా చెబుతుంటే, పక్క బల్ల మీద కూచున్న బీరన్న చాయ కప్పు దించాడు.

"అందుకోలేదనకు. నాలుగో గల్లీలనే అందుకున్నరు. యాడాది తిరగకముందే మంద అమ్మిన. గిప్పుడు ఐలేశం దొడ్డికాడ కావలి కూసుంటున్న."