లెక్కలో కలపని బంతులు

నేను చదివింది ఐదో తరగతి. ఇట్టా కూర్చుని రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోబాకండి. ఎవరికీ చెప్పుకోలేక రాస్తన్నా.

మా ఆయన పోయాక మా అబ్బాయి నన్ను మెల్‌బోర్న్ తీసుకొచ్చాడు. క్లైడ్ నార్త్‌లో ఉంటాం. మనవరాలికి పద్నాలుగేళ్ళు, బేస్‌బాల్ ఆడుద్ది. బాల్ విసిరేది తనే. పిచర్ అంటారు. క్రికెట్‌లో లాగా పరుగెత్తుకొచ్చి వెయ్యరు. మట్టి దిబ్బ మీద నిలబడి, కాలు ఎత్తి, చెయ్యి వెనక్కి లాగి విసురుతారు.

వాళ్ళ క్లబ్బులో ఒక ఫిజియో పిల్ల ఉంది. ఆడే పిల్లల చేతులు పాడవకుండా చూడటమే ఆమె చదువు. మా పాప విసిరేటప్పుడు వీడియో తీసి, దాన్ని మెల్లిగా తిప్పి, మోచేతి మీద గీతలు గీసి చూపించింది. మా అబ్బాయి నాకు తెలుగులో చెప్పాడు.

"అలిసిపోతే మోచెయ్యి కిందికి దిగుద్దంటమ్మా. అప్పుడు బరువంతా లోపలి నరం మీద పడుద్ది. అందుకని పాపకి రోజుకి డెబ్బై బాల్స్. ఆపైన ఒక్కటి కూడా వద్దంది. తర్వాత నాలుగు రోజులు రెస్టు."

ఆ బాల్స్ లెక్కపెట్టే పని ఇంట్లోవాళ్ళది. శనివారం మా అబ్బాయికి ఆఫీసు కాల్స్, కోడలికి హాస్పిటల్లో షిఫ్టు. అందుకని లెక్కపెట్టే చిన్న మిషను నా చేతికొచ్చింది. బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరుగుద్ది, అంతే.

పక్క వీధిలో ఉండే ఒంగోలాయన మమ్మల్ని కార్లో దింపేవాడు. ఆయన మనవరాలూ అదే టీము.

"ఏం చెల్లెమ్మా, ఇంత దూరం వచ్చి కండక్టర్ ఉద్యోగంలో చేరావా? టిక్కెట్లు తెగ కొడతన్నావు," అన్నాడు.

"జీతం లేదన్నయ్యా," అన్నా.

మొదటి రెండు వారాలు సరిగ్గానే నొక్కా. తర్వాత మనసు పీకడం మొదలుపెట్టింది. మా అమ్మ తినేవాళ్ళ ముద్దలు లెక్కపెట్టనిచ్చేది కాదు. ఎన్ని గారెలు తిన్నావురా అని పిల్లల్ని అడిగినా కసిరేది. దిష్టి తగిలి తిన్నది ఒంటికి పట్టదని. నా పిల్లల్ని నేనూ అట్టాగే పెంచా. ఇప్పుడేమో కుర్చీ వేసుకుని కూర్చుని, పిల్ల చెయ్యి ఎన్నిసార్లు లేచిందో లెక్కపెడతన్నా. అది బాగా వేస్తంటే చుట్టూ అందరి కళ్ళూ దాని మీదే.

అందుకని పదికి రెండు వదిలేశా. లెక్కలో లేనివాటికి దిష్టి ఉండదని. ఎనిమిది నొక్కడం, రెండుసార్లు వేలు పక్కకి తీసెయ్యడం. ఈ సంగతి ఎవరికీ చెప్పలా.

ఆ నెలాఖరుకి స్టేట్ టీము సెలక్షన్ ఉంది. పాపకి అదే లోకం. ఆ సెలక్షన్ తేదీ ఉన్న కాగితం అద్దానికి అంటించుకుంది.

ఆదివారాలు తలకి నూనె పెట్టి, అదే చేత్తో దాని చెయ్యి కూడా రుద్దేదాన్ని. ఒక ఆదివారం మోచేతి లోపలి పక్క వేడిగా తగిలింది. కొంచెం నొక్కితే చెయ్యి లాగేసుకుంది.

"నొప్పా తల్లీ?"

"లిటిల్ బిట్. డాడీకి చెప్పొద్దు నానమ్మా. ప్లీజ్. నన్ను ఆడనివ్వరు."

"ఆడనివ్వకపోతే ఇంట్లో కూర్చో. చెయ్యి ముఖ్యమా, ఆట ముఖ్యమా?"

"బట్ ఐయామ్ అండర్ మై కౌంట్. నువ్వే కదా కౌంట్ చేసేది."

ఉప్పు వేయించి, గుడ్డలో కట్టి, కాపడం పెట్టా.

తర్వాత శనివారం ఆట సగం దాటాక, దాని మోచెయ్యి కిందికి దిగడం నాకే కనపడింది. వీడియోలో గీత గీసి చూపించినట్టే ఉంది. కోచ్ నా వైపు చూసి ఎన్ని అని సైగ చేశాడు. మిషను పైకెత్తి చూపించా. యాభై ఎనిమిది. వదిలేసినవి కలిపితే డెబ్బై దాటినయ్యి. ఆయన తలూపి పాపని అక్కడే ఉంచాడు.

లేచి చెయ్యి అడ్డంగా ఊపితే చాలు. దానికి ఇంగ్లీషు కూడా అక్కర్లా. నేను లేవలా.

ఇంకో నాలుగు వేసింది. ఐదోది వేసి, చెయ్యి కడుపుకి అదుముకుని ఆ మట్టి మీదే కూర్చుండిపోయింది. ఏడవలా కూడా.

స్కానింగులో నరం తెగిందని వచ్చింది.

వారం తర్వాత క్లబ్బుకి వెళ్ళాం. ఫిజియో పిల్ల నా మిషను అంకెలు వారం వారం రాసుకున్న కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నయ్యి. అన్నీ డెబ్బై లోపే ఉన్నయ్యంట, రెస్టు కూడా సరిగ్గానే ఇచ్చిందంట, తనెక్కడ తప్పు చేసిందో తెలియట్లేదంట. మా అబ్బాయి ఆమె మీద గొంతు పెంచాడు. మధ్యలో నా వైపు చెయ్యి చూపించి, మా అమ్మ ఒక్కటి కూడా వదల్లేదన్నాడు. అంతవరకు ఇంగ్లీషు నాకూ అర్థమయింది.

"వదిలేశా నాన్నా," అన్నా.

"ఏంది?"

"పదికి రెండు నొక్కలా."

"ఎందుకమ్మా?"

"దిష్టి తగులుద్దని."

ఆ మాటకి ఇంగ్లీషు దొరక్క మా అబ్బాయి ఫోన్లో వెతికాడు. చెప్పాక, ఆమె కాగితాలు ఒక్కొక్కటే తీసి ఫైల్లో పెట్టుకుంది. పాప కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆపరేషన్ అయింది. ఏడాది దాకా బాల్ ముట్టుకోకూడదు. ఆ తర్వాత కూడా మునుపటిలాగా వెయ్యగలుగుద్దని డాక్టరు మాట ఇవ్వలా. అద్దం మీద కాగితం పాపే చింపేసింది. ఆదివారాలు తలకి నూనె పెట్టించుకోవడానికి రావట్లా.

ఇప్పుడు చేతికి బలం రావడానికి తన గదిలో తలుపు గొళ్ళేనికి రబ్బరు బెల్టు కట్టి లాగుద్ది. ఒక్కో విడతకి పదిసార్లు. ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి అడిగా.

"నేను లెక్కపెట్టనా తల్లీ?"

"నో థాంక్స్, నానమ్మా. ఐ కెన్ కౌంట్."

అప్పటినుంచి నేను వంటింట్లోనే ఉంటా. వన్, టూ అని అది పైకి అనుకోవడం వినపడుద్ది. దానితోపాటు నేనూ మనసులో లెక్కపెడతా, ఒక్కటి కూడా వదలకుండా. నిన్న ఏడు దగ్గర ఆగింది. గరిట పట్టుకుని ఎనిమిది కోసం నిలబడ్డా. రాలా.