కెర్నెల్‌కు వేషం కట్టిన మాస్టారు

మా మాస్టారు, అంటే మా పెద్ద ప్రోగ్రామరు, కోడ్ చదివి ఊరుకోరు, దానిచేత నాటకం ఆడిస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది కెర్నెల్. అందులో తప్పు దొరికిందంటే చాలు, ఆఫీసులో కంటబడిన వాళ్లందరికీ వేషాలు పంచేస్తారు. ఒకసారి సంతకం కోసం వచ్చిన కొరియర్ మనిషిని హార్డ్ డిస్కు చేసి మూడు గంటలు నిలబెట్టారు. వెళుతూ వెళుతూ అతను, "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగాడు.

నేను డిగ్రీ లేకుండా, సొంతంగా చదువుకుని అక్కడ చేరినవాణ్ణి. డిగ్రీ ఉన్నవాళ్లు చేస్తే పొరపాటు, నేను చేస్తే చదువులేనితనం. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా వారం ఉందనగా పిడుగులాంటి కబురు వచ్చింది. ఎవడైనా ఒక చిన్న ప్రోగ్రాం నడిపి, మా కెర్నెల్ ఉన్న యంత్రాన్ని బిగుసుకుపోయేలా చేయవచ్చట. సాయంత్రంలోగా సరిచేయాలి. ఆ భాగం రాసింది నేనే. కోడంతా మాస్టారి చేతిమీదుగానే కెర్నెల్‌లోకి వెళుతుంది కనుక రికార్డులో నా పేరు లేదు.

"రాసిందెవరో సాయంత్రం తేలుస్తాను. వాళ్లకిక ఇక్కడ చోటు లేదు," అంది మేనేజరమ్మ.

మాస్టారు రెండు తాళంచెవులు బల్లమీద పెట్టారు.

"ఇది ఫైళ్లది, ఇది మెమరీది. పని జరగాలంటే రెండూ చేతిలో ఉండాలి. తుడిచే అక్కా, నువ్వు ఫైళ్లది పట్టుకో. రెండోది దొరికేదాకా వదలకు."

"మా ఆయన అడిగినా వదలను!"

"మరి నేనో?" అంది రిసెప్షనిస్టు.

"నువ్వు గడియారానివమ్మా. టిక్కుటిక్కు అంటూ ఉండు."

దుర్మార్గుడి వేషం మాత్రం ఎప్పుడూ ఆయనదే. మెమరీ తాళంచెవి గబుక్కున లాక్కుని, రెండోదాని కోసం చెయ్యి చాచారు.

"ఇచ్చెయ్."

"ముందు మీరివ్వండి."

"నేనివ్వను."

"నేనూ ఇవ్వను!"

అయిదు నిమిషాలపాటు ఒక్క టిక్కుటిక్కు తప్ప ఏదీ కదల్లేదు. యంత్రం బిగుసుకుపోయేది ఇలాగే. ఆ లాక్కోవడం అచ్చం నా కోడే.

"చూశావా?" అన్నారు మాస్టారు నావైపు తిరిగి. "కెర్నెల్‌లో అందరూ ముందు ఫైళ్లది, తర్వాత మెమరీది తీసుకుంటున్నారు. నేనొక్కణ్ణే తిరగేశాను. వరస మార్చెయ్."

మూడు లైన్లు మార్చాను. ఆ దాడి ప్రోగ్రాంను పదివేలసార్లు వదిలాం. యంత్రం చెక్కుచెదరలేదు! అక్క చీపురెత్తి ఈల వేసింది. గడియారం గంతులేసింది.

చప్పుడు విని మేనేజరమ్మ వచ్చింది. "ఇంతకీ తప్పెవరిది?"

"నాదేనండీ," అన్నాను లేచి.

"ఆ అబ్బాయి మాట నమ్మకండమ్మా," అంది అక్క. "ముందుగా లాక్కుంది ఈ మాస్టారే. నా కళ్లారా చూశాను!"

"అయిదు నిమిషాలు ఇవ్వనేలేదండీ. నేను లెక్కపెట్టాను," అంది గడియారం.

మాస్టారు చేతులు కట్టుకుని తలవంచారు. ఆయన్ని తీసేసే ధైర్యం ఆ సంస్థలో ఎవరికీ లేదు. ఇన్నేళ్లుగా ఆ ఆఫీసులో ప్రతి తప్పూ అంతమంది సాక్షుల ఎదుట ఆయనే ఎందుకు చేస్తున్నారో నాకప్పుడు అర్థమైంది.

"మళ్లీ మీరేనా!" అని మేనేజరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

నేను మళ్లీ నోరు తెరిచాను.

"కూర్చోవయ్యా," అని కసిరారు మాస్టారు. "ఈ నాటకంలో నీకు అసలు వేషమే లేదు."