తెల్లగడ్డ లేని పప్పుల పొడి

నన్ను ఎవరు ఏమడిగినా జవాబు మా చిన్నమ్మ చెప్పేది. చిన్నమ్మంటే మా చిన్నాయన భార్య. మైదుకూరులో కిరాణా కొట్టు వెనకే ఇల్లు, అందరం కలిసే ఉండేవాళ్లం. చుట్టాలెవరైనా వచ్చి "ఏం చదువుతాండావు పాపా?" అంటే, నేను గొంతు సవరించుకునేలోపే "కడపలో ఎంసీఏ. దానికి మాటలు తక్కువలే" అనేసేది. ఎప్పుడైనా తెగించి నేనొక మాట అన్నా, ఆమె జవాబు అప్పటికే అక్కడ ఉండేది. నాది దాని వెనక చేరేది. నిజానికి నాకది హాయిగానే ఉండేది. ఆమె మాట్లాడుతుంటే నేను లోపలి గదిలో పుస్తకం తెరుచుకోవచ్చు.

చిన్నమ్మ పుట్నాల పప్పుతో పప్పుల పొడి చేసేది. దాన్ని మా కొట్లోనే అమ్మేవాళ్లం. పొట్లాల మీద అంటించే చీటీలు బడికి పోయే రోజుల నుంచి నేనే చేత్తో రాసేదాన్ని. ఎంసీఏ రెండో ఏడులో నాన్న ఒక పాత కంప్యూటరు, ప్రింటరు కొనిచ్చాడు. సెలవుల్లో కూర్చుని, చీటీలు అచ్చు వేసే చిన్న ప్రోగ్రాం రాశాను. నల్ల తెర మీద ఆ ప్రోగ్రాం పేరు, ఎన్ని చీటీలు కావాలో కొడితే చాలు. పొడిలో ఏమేం వేశారో చెప్పడానికి 'దినుసు' అనే ఆప్షన్ కూడా పెట్టాను. ఎన్ని దినుసులుంటే అన్నిసార్లు దాన్ని ఇవ్వచ్చు. అసలు ఇవ్వకపోతే చిన్నమ్మ రోజూ వేసేవే వస్తాయి: మిరపకాయలు, పప్పులు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ (అదే, వెల్లుల్లి), ఉప్పు. ఇలా చెప్పకుండానే వచ్చేవాటిని డిఫాల్ట్ అంటారన్నాను.

"అంటే అడక్కపోయినా విస్తట్లో పడేవి" అంది చిన్నమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

శ్రీరామనవమి దగ్గర పడుతుండగా ఒంటిమిట్టలో అన్నదానం చేయించే పెద్దాయన ఒకరు కొట్టుకు వచ్చారు. నడిచొచ్చే భక్తులకు పొడి పొట్లాలు పంచుతారట. "తెల్లగడ్డ తగలగూడదు తల్లీ. శానామంది తినరు. చీటీ సూసుకోని గానీ పొట్లం ఇప్పరు. ఈ తూరి బాగుంటే ఏటేటా నీకాడనే తీసుకుంటా" అన్నారు.

చిన్నమ్మ పొడి మా ఊరు దాటడం అదే మొదటిసారి. మిక్సీ జారు కడిగిందే కడిగి, నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమంది. ఇంట్లో అందరిచేతా చూపించింది. తెల్లగడ్డల బుట్టను మిద్దె మీదికి ఎక్కించింది. పొడి కొట్టింది, పొట్లాలు కట్టింది. నేను తెల్లగడ్డ తప్ప మిగతా నాలుగు దినుసులూ ఆప్షన్‌లో ఇచ్చి చీటీలు తీశాను. ఇద్దరం కూర్చుని అంటించాం.

పని దాదాపు అయిపోయాక చిన్నమ్మ ఒక పొట్లం ఎత్తి, కూడబలుక్కుంటూ చదివింది. "మిరపకాయలు, పప్పులు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ, ఉప్పు, మిరపకాయలు, పప్పులు... ఏమే, మిరపకాయలు రెండుతూర్లు ఏసినానా నేను?" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "తెల్లగడ్డ యాడిదే?"

నేను పొట్లం లాక్కుని చీటీ చదివాను.

"నేనెయ్యలేదు. నీ పెట్టె ఏసినాది" అంది. తర్వాత మెల్లగా, "ఆయన జీపు సాయంత్రం వస్తాది పాపా. వాళ్లు నమ్మేది నా చేతిని గాదు, ఈ చీటీని."

ఆమె తడిగుడ్డ తీసుకుని చీటీలు ఊడబెరకడం మొదలుపెట్టింది. నేను తెర ముందు కూర్చున్నాను. రోజూ వేసే దినుసుల్ని ఆ ఆప్షన్‌లో నేనే ముందుగా నింపిపెట్టాను. కొత్తవి ఇస్తే పాతవి తప్పుకుంటాయనుకున్నాను. ఒక్క విలువే తీసుకునే ఆప్షన్‌లో అలాగే జరుగుతుంది. ఎన్ని చీటీలో చెప్పే ఆప్షన్ అలాగే పనిచేసేది కూడా. పలు విలువలు తీసుకునేది మాత్రం, ఇచ్చినవాటిని ఉన్న కుప్ప మీదే వేసుకుంటూ పోతుంది. అన్నాళ్లూ దినుసులు విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు కనుక సంగతి బయటపడలేదు.

పుస్తకం తిరగేసి, రెండు పిచ్చి ప్రయత్నాలు చేశాక దారి దొరికింది. మొదట ఏమీ నింపకూడదు. చెప్పేది పూర్తిగా వినాలి. అప్పటికీ ఖాళీగా ఉంటేనే మామూలు దినుసులు వేయాలి. ఒక్కటైనా చెప్పి ఉంటే వాటి జోలికి పోకూడదు. మార్చింది రెండు మూడు వరసలే. ప్రింటరు మాత్రం ముక్కుతూ మూలుగుతూ చీటీలు కక్కింది.

చివరి పొట్లాల మీద చీటీలు ఇంకా తడిగా ఉండగానే జీపు వచ్చింది. పెద్దాయన ఒక పొట్లం చదివి తల ఊపారు. అంతలో ఆయన కన్ను గోడవారన పడి ఉన్న పాత చీటీల మీద పడింది. ఒకటి తీసి చదివారు.

"మరి ఇదేందమ్మా? తెల్లగడ్డ అని ఉండాదే?"

చిన్నమ్మ నోరు తెరిచింది. ఏమనుకుందో, మూసేసి నా వైపు చూసింది. ఆమె అలా ఊరుకోవడం నేనెన్నడూ చూడలేదు. కొట్లో నాన్న కూడా తక్కెడ ఆపి చూస్తున్నాడు.

"అది కంప్యూటర్లో నా తప్పు తాతా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎప్పుడూ ఏసేవి దాంట్లో ముందే పెట్టింటి. నేను చెప్పినవి వాటి వెనక చేరినాయి. ఇప్పుడు సరిచేసినా. పొడిలో తెల్లగడ్డ లేదు. జారు వాసన గూడా నేను చూసినా."

ఆయన చీటీని, నన్ను మార్చి మార్చి చూశారు. పొట్లం విప్పి చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. "ఎక్కించప్పా" అని డ్రైవరుతో అని, చిన్నమ్మ వైపు తిరిగారు. "ఈ పాపకు మాటలు రావనుకుంటి."

"వస్తాయి. మేమే సందు ఇయ్యం" అంది చిన్నమ్మ.

ఆ తర్వాత కూడా చుట్టాలు వచ్చి నన్నేదైనా అడిగితే జవాబు ఎక్కువగా చిన్నమ్మే చెప్పేది. కాకపోతే ముందు కాసేపు ఆగి నా వైపు చూసేది. నేను పలక్కపోతే, అప్పుడు అందుకునేది.