విజయక్క పాత పడుగు

మొన్న కోరుట్లలో ఒక దర్జీ ఇంట్లో కంప్యూటర్ డబ్బా మూత విప్పగానే నూలు నూగు గుప్పున లేచింది. ఫ్యాను రెక్కల్లో పేరుకున్న ఆ నూగుతో బొంత కుడితే సగం కోరుట్లకు కప్పవచ్చు. నేను తుమ్మిన తుమ్ము గొల్లపల్లిలో మా అమ్మకు వినపడే ఉంటుంది. వేడెక్కిన ఇనుమూ, దుమ్మూ, నూలూ కలిసిన ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. "చెయ్యి తియ్!" అని విజయక్క మళ్లీ అరిచినట్టే అయింది.

విజయక్కది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు. ముందుగదిలో కంప్యూటర్. చీరల అంచులకు డిజైన్లు అందులోనే గీసేది. నేను జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేస్తూ, గోదావరికి ఇవతల నన్ను మించినవాడు పుట్టలేదని నమ్ముతున్న రోజులవి. మాది కల్లుగీసే కుటుంబం. మగ్గం సంగతి నాకు ఒక్క ముక్క తెలియదు.

మొదటిరోజే అదిరిపోయాను. కొత్త కంప్యూటర్ తెర మీద చిన్న కిటికీ. ఆ కిటికీలో ఎప్పుడో కాలం చెల్లిన ఆపరేటింగ్ సిస్టమ్ నిమ్మళంగా నడుస్తోంది. నేనే దగ్గరుండి పాతిపెట్టించిన మనిషి ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నట్టు ఉంది.

"ఇదేందక్కా, గిది ఇంక బతికే ఉన్నదా?"

"డిజైన్ల సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్ల నడుస్తలేదు తమ్మీ. గందుకే పాతదానికి లోపట ఒక అర్ర ఇచ్చిన. వర్చువల్ మిషన్ అంటరు. నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వదు!" అన్నాను. పేరు విన్నానే తప్ప దాన్ని కళ్లతో చూడటం అదే మొదలు.

ఆ అర్రలో, అంటే ఆ లోపలి గదిలో, ఉన్నవి వాళ్ల నాన్న అంచులు. ఆయన బతికినంతకాలం గళ్ల కాగితాల మీద గీసినవాటిని, అక్క ఒక్కొక్క గడీ నింపుతూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. కాగితాలను తర్వాత చెదలు తినేశాయి. ఆ అంచులు ఇక భూమ్మీద మరెక్కడా లేవనే అనుకున్నాను.

కొన్నాళ్లకు ఆ కంప్యూటర్ సగం లేచి ఆగిపోతోందని కబురు చేసింది. చూస్తే డిస్కులో ఆవగింజకు కూడా చోటు లేదు. మధ్యలో ఏనుగులా ఒకే ఒక్క ఫైలు పడుకుని ఉంది. దాని పేరు 'పాత పడుగు'. పాతదే కదా అనుకుని, చెత్తబుట్టలో కూడా పడకుండా తుడిచేశాను. కంప్యూటర్ టక్కున లేచింది.

"సూడక్కా, లేడిపిల్ల లెక్క ఉరుకుతున్నది!"

అక్క తన కిటికీ తెరవబోయింది. వర్చువల్ మిషన్ దొరకడం లేదని తెర చెప్పింది. కంప్యూటర్‌లోని కంప్యూటర్ మొత్తం ఒకే ఫైలుగా ఉంటుందని నాకు ఆ క్షణంలో అర్థమైంది. పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ ఎక్కిద్దామని కీబోర్డు మీదికి ఉరికాను.

"చెయ్యి తియ్! పోగు తెగినంక సాంచె నడుపుతరారా ఎవలన్న?" అని అక్క ప్లగ్గు పీకేసింది. అప్పుడు ఏది ఎక్కించినా పోయిన ఫైలు చోటులోనే పడి దాన్ని చెరిపేయవచ్చని నాకు తట్టనే లేదు.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనీ అనుకున్నాను. ఆమె నన్ను రెక్క పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్లింది. ఒక సాంచె ఆగి ఉంది. దాని పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చింది.

"నూలు అయిపోతే ఏం జేస్తమో ఎర్కేనా?"

"పాతది కోసేసి కొత్తది ఎక్కిస్తరు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! పాత పడుగు కొసలు ఇడిచిపెడ్తం. వాటికే కొత్త పోగులు అతుకుతం. అన్ని కోసేస్తే ఒక్కొక్క పోగు మళ్ల కన్నంల ఎక్కియ్యాలె, దినాలు పడ్తది. కొత్తదాన్ని నడిపించేది పాతదే. గందుకే గా ఫైలుకు గా పేరు వెట్టిన. నువ్వు కోసింది గదే."

నిలబడ్డచోటే నేను గొంగళిపురుగంత అయ్యాను. అప్పుడు ఆమె బీరువాలోంచి స్టీలు టిఫిన్ డబ్బా తీసింది. చీరముక్కలో చుట్టిన హార్డ్‌డిస్కు! కొత్త నూలు ఎక్కించినప్పుడల్లా ఒక కాపీ తీసి పెట్టేదట. సాయంత్రానికి వాళ్ల నాన్న అంచులన్నీ తిరిగొచ్చాయి. చివరి కాపీ తర్వాత అక్క గీసిన జొన్నకంకి అంచు ఒక్కటే పోయింది. దాన్ని మూడురోజులు కూర్చుని మళ్లీ గీసింది. "మొదటిదానికన్న మంచిగచ్చింది" అంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అసలు దిమ్మతిరిగింది మాత్రం అంచులు తిరిగొచ్చిన ఆ సాయంత్రమే. నాతో రెండో డిస్కులోకి కొత్త కాపీ తీయించి, తీరిగ్గా అంది:

"ఇప్పుడు మళ్ల తుడువు."

"అక్కా! పానం బాగలేదా?"

"తుడువుమన్న. ఇన్నేండ్లు కాపీ తీసుడే గని అది లేస్తదో లేదో ఒక్కపారి సుత సూడలే. ఇయ్యాల బతుకు బాగుండి లేచింది. ఇగ నువ్వే తుడిచి, నువ్వే లేపు. నేను దూరం కూసుంట."

వాళ్ల నాన్న జీవితాన్ని పొద్దున తుడిచేసిన చేతికే సాయంత్రం మళ్లీ అప్పగించింది. మౌస్ పట్టుకునే ముందు రెండుసార్లు చేతులు కడుక్కొచ్చాను. తుడిచాను. లేపాను. అంచులు వరుసగా తెర మీదికి వస్తుంటే ఏడుపు ఆగలేదు. అక్క మాత్రం తలుపు దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది.

అక్క పోయి రెండేళ్లయింది. మొన్న కోరుట్లలో నూగు దులిపి, ఆ దర్జీ కంప్యూటర్‌ను నిలబెట్టాక, "మీ కుట్టు డిజైన్లకు కాపీ ఉన్నదా?" అని అడిగాను.

"ఉన్నది సార్, పెన్‌డ్రైవ్‌ల."

దాని నుంచి ఇంకో కాపీ తీసి, నా సంచిలో భద్రపరిచాను.

"అయితే ఇప్పుడు తుడువుండ్రి."

దర్జీ చేతిలోని కత్తెర ఠంగుమని కింద పడింది. నేను కుర్చీ లాక్కుని, తలుపు దగ్గర దూరంగా కూర్చున్నాను.