రైలు లేని ఊళ్ళో రైలు కూత

ఆ రోజుల్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, దాంతోపాటే ఊరు దాటాలన్న జబ్బూ వచ్చింది. చలికాలం పొద్దున పొగమంచులో ఆఫీసుకు నడుస్తుంటే, ఎక్కడో ఇంతకంటే పెద్ద మంచు నాకోసం కాచుక్కూర్చుందనిపించేది. చిక్కల్లా ఒకటే. మా సూర్యాపేటకు హైవే ఉంది గానీ రైలు లేదు. (లేనిదాని మీదే కదా మోజు! మా ఊరివాళ్ళు రైలు గురించి మాట్లాడినంత ఆప్యాయంగా బంధువుల గురించి మాట్లాడరు.)

మా ఇంట్లో ఆ మోజు నాకంటే నాయనమ్మకు ఎక్కువ. తాత బతికున్నన్నాళ్ళూ మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఫిట్టరు. రోజూ పట్టాల పక్కనుంచే పోయి వచ్చేవాడు, ఏటా "ఈ చలికాలం నిన్ను రైలెక్కిస్తనే" అనేవాడు. ఎక్కించకుండానే, టికెట్టు అక్కరలేని ప్రయాణం ఒకటి తానొక్కడే పోయాడు. "మోకాళ్ళు పనిజేస్తున్నప్పుడే పోవాలె బిడ్డా. వచ్చే చలికి నేనుంటనో, ఉండనో," అంది నాయనమ్మ. ఆ సాయంత్రమే మా ప్లాను పట్టాలెక్కింది.

ఏ ఊరు పోవాలో సలహా చెప్పడానికి మా మేనత్త కొడుకున్నాడు, కోదాడలో సెల్‌ఫోన్ల షాపు. ఏ రైలు ఎక్కడ ఎప్పుడు ఆగుతుందో చూడకుండా చెప్తాడని 'టైంటేబుల్ బావ' అనేవాళ్ళం. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది ఒక్కచోటే: తాత గదిలో, కిటికీ కింద ఉన్న ఆయన చెక్కకుర్చీ మీద. (ఆయన బతికున్నప్పుడు ఎవరి మాటా వినని కుర్చీ, ఇప్పుడు అందరి మాటలూ వినిపించేది.) ఆయన పోయాక ఆ గదిలో ఎవరూ పడుకోలేదు, మాడిపోయిన బల్బు ఎవరూ మార్చలేదు. దీపాలు పెట్టే వేళ ఫోన్ స్పీకర్లో పెట్టి కుర్చీ మీద ఉంచి, నేనూ నాయనమ్మా గడప ఇవతలే నిలబడి కేకలేసేవాళ్ళం.

"బావా, ఢిల్లీ పోదామా? మంచు మస్తుంటదంట!"

చీకట్లో, కుర్చీలోంచి, పొడుగ్గా రైలు కూత. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అదేం చప్పుడు బావా?"

"ఏం చప్పుడు? నాకేం వినపళ్ళేదే. షాపులో ఉన్నాను బామ్మర్దీ," అన్నాడు బావ, గొంతు బాగా తగ్గించి.

ఫోను వెలుగు ఆరిపోయింది. కుర్చీ ఆకారం ఒక్కటే మిగిలింది, ఎవరో కూర్చున్నంత నిండుగా.

"మీ తాతనేరా," అంది నాయనమ్మ మెల్లగా. "తుమ్మితే ఆగుతం గదా, గిది గూడ గంతే. ఢిల్లీ వద్దంటుండు."

మర్నాడు కలకత్తా అన్నాను. మళ్ళీ కూత, ఈసారి ఇంకా దగ్గరగా. నేను ఇలాంటివి నమ్మను. అందుకే గదిలో ఏముందో చూద్దామని నాయనమ్మను ముందు నడవమన్నాను. మూడోనాడు జైపూర్. బావ గొంతు బొంగురుగా పలికింది. వెంటనే కూత, సన్నగా, ఎంతో దూరం నుంచి. అది ఆగాక కుర్చీ ఒక్కసారి కిర్రుమంది.

"ఇగ నువ్వే చెప్పు నాయనమ్మా," అన్నాను.

"కాశీ," అంది. కుర్చీ కిమ్మనలేదు. "సూసినవా, ఒప్పుకున్నడు!"

ఆమె మొహం వెలిగింది, నా గుండె జారింది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనంటారు. పోయినాయన పనిగట్టుకుని ఆమెను పిలుస్తున్నది కాశీకా, తన దగ్గరికా? టికెట్లు దొరకలేదని చెప్దామనుకున్నాను. అప్పటికే ఆమె తాత మఫ్లర్ ఉతికి ఆరేసింది. నోరు మూసుకుని టికెట్లు తీశాను.

"మీ తాత సూసిన స్టేషన్లనే ఎక్కుత" అని పట్టుబట్టింది కాబట్టి, మిర్యాలగూడలో ఎక్కి, సికింద్రాబాదులో మారి పోవాలి. సాగనంపడానికి బావ వచ్చాడు. సందెవేళ ప్లాట్‌ఫారం మీద మంచు దిగుతోంది. మంచులోంచి కూత. అదే కూత!

అప్పుడే చాయ్ అమ్మేతను బావ భుజం తట్టాడు. "అన్నా, వదిన ఇంక రాలే? మీ బెంచీ ఖాళీగనే ఉంది, కూసో."

"ఏ వదినరా?" అంది నాయనమ్మ.

బావ టైంటేబుల్ అంతా అక్కడే బయటపడింది. మధ్యాహ్నం దాటగానే షాపు మూసి కోదాడ నుంచి వచ్చి, ఇక్కడ రైలెక్కే ఒకమ్మాయి పక్కన ఆ బెంచీ మీద కూర్చునేవాడు. ఫోన్లో మోగిన కూతలన్నీ ఇక్కడివే. "అమ్మమ్మా, అమ్మకి చెప్పమాకు," అని చేతులు పట్టుకున్నాడు.

"పిల్లను సూపియ్యి, చెప్ప."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు! పడీపడీ నవ్వుతూ నాయనమ్మను రైలుపెట్టె ఎక్కించాను. రైలు కదిలాక బావ కిటికీ వెంట నడుస్తూ అన్నాడు: "కానీ బామ్మర్దీ, జైపూర్ అన్నరోజు నేనిక్కడ లేనురా. జొరమొచ్చి కోదాడలో ఇంట్లో పడుకున్నా. ఆరోజు కూసిందేంటి?"

నా నవ్వు ఆగిపోయింది. నాయనమ్మ మాత్రం మఫ్లర్ సర్దుకుని కిటికీలోంచి చీకట్లోకి చూసింది. "జన్మంత మిల్లు దుమ్ము మింగిండు. ఇగ జైపూర్ల ఇసుక గూడ మింగాల్నా? వద్దన్నడు."

ఆమె కాశీ నుంచి నిక్షేపంగా తిరిగొచ్చింది. (అక్కడ ఇష్టమైన కూర వదలమంటే, ఎన్నడూ ముట్టని కాకరకాయ వదిలింది.) ఆ తర్వాత ఎన్నో చలికాలాలు నన్ను రైళ్ళలో తిప్పి, తన మంచంమీదే, తన ఇంట్లోనే కన్నుమూసింది. ఇప్పుడు మా ఇంట్లో మూలమూలనా సిగ్నల్ ఉంది. అయినా చలి మొదలవగానే ఫోన్ ఆ కుర్చీ మీదే పెట్టి, గడప ఇవతల నిలబడి, ఊరి పేరు పైకి అని కాసేపు ఆగుతాను. నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. వద్దనడానికి ఇప్పుడు లోపల ఇద్దరున్నారు. ఒక్కసారి వద్దన్నా బాగుండు.